ఏడాది దాటిన బిడ్డకు ఆవు పాలు: తల్లిపాలు మాన్పించి కాదు

"అన్నం ముట్టదు సిస్టరమ్మా, పాలు మాత్రం బాగా తాగుద్ది." పిల్లల ఓ.పి.లో మేము వారానికి ఒకసారైనా వినే మాట ఇది. ఈ మాట చెవిన పడగానే మా చెయ్యి ముందుగా వెళ్ళేది బిడ్డ కింది కనురెప్ప మీదికి. రెప్పను కొద్దిగా కిందికి లాగి చూస్తే లోపల ఎర్రగా కనిపించాలి. అక్కడ తెల్లగా ఉంటే ఆ బిడ్డ బుగ్గలు ఎంత నిండుగా ఉన్నా మాకు నమ్మకం కుదరదు.

నిరుడు మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో పదహారు నెలల పాపను వాళ్ళ నాయనమ్మ చంకన వేసుకుని వచ్చింది. వెనకాలే తల్లి. వచ్చింది జలుబుకి. పాప బొద్దుగా, ముద్దుగా ఉంది. "మా ఇంటి గేదె పాలేనమ్మా, రోజుకు నాలుగు సీసాలు" అని నాయనమ్మ గర్వంగా చెప్పింది. కనురెప్ప తీసి చూస్తే సున్నం కొట్టిన గోడలా ఉంది. అరచేతులూ అంతే. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 5.8 గ్రాములు. ఈ వయసు పిల్లలకు అది 11 దగ్గర ఉండాలి.

తరచి తరచి అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చింది. పిల్ల గోడ సున్నం గీకి తింటోంది. పొయ్యి దగ్గర కూర్చోబెడితే బూడిద నోట్లో పెట్టుకుంటోంది. విరేచనం మూడు రోజులకు ఒకసారి, గట్టిగా. నాలుగడుగులు వేసి చతికిలబడుతోంది. ఇదంతా అల్లరి అనుకున్నారు, బద్ధకం అనుకున్నారు. తల్లి తొమ్మిదో నెల నుంచి కోతలకు, కలుపులకు వెళ్ళడం మొదలుపెట్టింది. అప్పుడు సీసా వచ్చింది. రాత్రిళ్ళు మాత్రం తల్లిపాలు ఇస్తూనే ఉంది. ఏడాది నిండినప్పటి నుంచీ ఇరుగుపొరుగు ఒకటే పోరు: "ఇంకా ఏం పాలమ్మా, నీళ్ళయిపోయి ఉంటాయి. పైగా రెండు రకాల పాలు కడుపులో కలిస్తే విరిగిపోతాయి." మా దగ్గరికి రావడానికి మూడు వారాల ముందు ఆ తల్లి వేపాకు ముద్ద రాసుకుని పాలు మాన్పించేసింది.

ఆ ఇంట్లో ఎవరూ పిల్లకు చెడు జరగాలని ఏమీ చెయ్యలేదు. పాలకేంద్రానికి పోసే పాలలోంచి పిల్ల కోసం రోజూ తీసి పెట్టుకున్నారు. కూలి మీద బతికే ఇంటికి ఆ డబ్బు తక్కువేమీ కాదు. అంత ప్రేమగా పోసిన పాలే పిల్ల రక్తం తగ్గడానికి కారణం అంటే నాయనమ్మ నమ్మలేదు. నమ్మకపోవడం సహజమే. అందుకే ఈ సంచికలో ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాము.

పాలు ఎక్కువైతే రక్తం ఎందుకు తగ్గుతుంది?

ముందుగా లెక్క చూద్దాం. ఆ పాప సీసా 250 మిల్లీలీటర్లది. నాయనమ్మ పావు వంతు నీళ్ళు కలిపేది, రెండు చెంచాల పంచదార వేసేది. అంటే రోజుకు నాలుగు సీసాల్లో ముప్పావు లీటరు చిక్కటి గేదె పాలు, ఎనిమిది చెంచాల పంచదార. గేదె పాలు 100 మిల్లీలీటర్లకు సుమారు 100 కేలరీల శక్తినిస్తాయి. పంచదారతో కలిపి పిల్లకు రోజూ తొమ్మిది వందల కేలరీలు సీసాలోనే అందుతున్నాయి. ఆ వయసు బిడ్డకు రోజంతటికీ కావలసింది సుమారు వెయ్యి. ఇక ఆకలి ఎక్కడ నుంచి వస్తుంది? అన్నం ముట్టదని అనడం కాదు, అన్నానికి కడుపులో చోటే లేదు.

రెండో సంగతి ఇనుము. రక్తం తయారు కావడానికి ఈ వయసు బిడ్డకు ఆహారంలో రోజుకు 8 మిల్లీగ్రాముల ఇనుము కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో లెక్క కట్టింది. లీటరు ఆవు పాలు తాగినా అందులో ఒక్క మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. గేదె పాలు కూడా ఈ విషయంలో గొప్పవి కావు. తల్లిపాలలోనూ ఇనుము తక్కువే, కాకపోతే ఉన్నదాంట్లో చాలా భాగం బిడ్డ ఒంటికి పడుతుంది. ఆవు, గేదె పాలలోని కాల్షియం, మాంసకృత్తులు మాత్రం పక్కన తిన్న పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుమును కూడా ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఇలా పాలు రెండు వైపుల నుంచీ దెబ్బ తీస్తాయి: ఇనుము ఉన్న తిండిని కడుపులోకి రానివ్వవు, వచ్చిన కాస్తనూ నిలవనివ్వవు.

సున్నం, మట్టి, బూడిద, బలపం తినే పిల్లలను కొట్టకండి, తిట్టకండి. చాలాసార్లు అది రక్తహీనతకు గుర్తు. రక్తపరీక్ష చేయించండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. వీళ్ళందరికీ పాలే కారణం కాదు. తిండి చాలకపోవడం, నులిపురుగులు, తల్లికి కడుపుతో ఉన్నప్పుడే రక్తం తక్కువగా ఉండడం, ఇలా ఎన్నో ఉన్నాయి. కానీ పాలకు లోటు లేని ఇళ్ళల్లో, బొద్దుగా ఉన్న పిల్లల్లో మేము చూసే రక్తహీనతకు పాలసీసాయే కారణమైన సందర్భాలు తక్కువేమీ కావు.

ఏడాది లోపు ఎందుకు వద్దంటాం?

మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేమీ వద్దని, నీళ్ళు కూడా వద్దని మీకు కాన్పు వార్డులోనే చెప్పి పంపుతాం. ఆరు నెలలు నిండాక మెత్తటి ఆహారం మొదలుపెట్టి, దాంతోపాటు తల్లిపాలు రెండేళ్ళు, ఆపైన తల్లీబిడ్డలకు ఇష్టమైనంత కాలం ఇవ్వవచ్చు. తల్లిపాలు ఉన్న బిడ్డకు ఆవు పాలు, గేదె పాలు తాగే పాలుగా ఏడాది నిండేదాకా వద్దు. చంటిబిడ్డ పేగు చాలా సున్నితం. ఏడాది లోపు ఆవు పాలు ఎక్కువగా తాగిన కొందరు పిల్లల్లో పేగు లోపలి నుంచి కంటికి కనిపించనంత కొద్దికొద్దిగా రక్తం పోతుంది. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకు మాంసకృత్తులు ఒక గ్రాము ఉంటే, ఆవు పాలలో మూడు గ్రాములకు పైన, గేదె పాలలో ఇంకా ఎక్కువ ఉంటాయి. దూడ పెరుగుదలకు అవి సరిపోతాయి. చంటిబిడ్డ మూత్రపిండాలకు మాత్రం ఆ బరువు ఎక్కువ.

మరి పెరుగన్నం? తొమ్మిదో నెలలో రెండు చెంచాల పెరుగు కలిపి మెత్తగా పిసికి పెడితే ఇబ్బంది లేదు. జావలో కొద్దిగా పాలు పోసినా ఫర్వాలేదు. మేము వద్దనేది తల్లిపాలను పక్కకు నెట్టి గ్లాసులతో, సీసాలతో పట్టే పోతపాలను.

ఇక్కడ మా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మేము నర్సింగ్ చదువుకునే రోజుల్లో తల్లిపాలు చాలవన్న బిడ్డకు రెండు వంతుల పాలకు ఒక వంతు నీళ్ళు కలిపి పంచదార వేసి పట్టమని మాకు నేర్పారు. మేమూ ఎందరో తల్లులకు అలాగే చెప్పాము. అప్పట్లో తెలిసింది అంతే. ఈనాటి నాయనమ్మలు, అమ్మమ్మలు పాలలో నీళ్ళు కలుపుతున్నారంటే అందులో మా మాట కూడా కొంత ఉంది. ఇప్పుడు అదే మేము వద్దంటున్నాము. ఏడాది దాటిన బిడ్డకు పాలలో నీళ్ళు కలపక్కర్లేదు. పంచదార అసలే వద్దు. రెండేళ్ళ లోపు ఆ రుచి అలవాటు చెయ్యకపోవడమే మంచిది.

ఎంత పొయ్యాలి?

మాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇది. మా జవాబు విని చాలామంది తల్లులు ఆశ్చర్యపోతారు. ఏడాది దాటిన బిడ్డ రోజుకు మూడు నాలుగు సార్లు తల్లి దగ్గర బాగా తాగుతూ, అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు తింటూ ఉంటే ఆవు పాలు తప్పనిసరి కానే కాదు. పొయ్యకపోతే బిడ్డకు ఏదో లోటు జరుగుతుందని కంగారు పడవద్దు. రెండో ఏడాదిలో కూడా బిడ్డకు కావలసిన శక్తిలో మూడింట ఒక వంతు దాకా తల్లిపాలే ఇవ్వగలవు. నీళ్ళయిపోవడం అనేది లేదు. పల్చగా కనిపించడం తల్లిపాల స్వభావం. బిడ్డకు జ్వరం వచ్చి, విరేచనాలు పట్టుకుని ఏదీ నోట పెట్టని రోజున ఆ బిడ్డను నిలబెట్టేది ఆ పాలే. మా వార్డులో తల్లిపాలు తాగే బిడ్డకు సెలైన్ అవసరం పడకుండానే కోలుకోవడం మేము ఎన్నోసార్లు చూశాము.

ఇంట్లో పాడి ఉంది, పొయ్యాలని ఉంది, బిడ్డ కూడా ఇష్టపడుతోంది అంటే సరే. 150 మిల్లీలీటర్ల చిన్న గ్లాసుతో రోజుకు ఒకటి, మహా అయితే రెండు. తల్లిపాలు తాగుతున్న బిడ్డకు అంతకు మించి అక్కర్లేదు. గుడ్డు, చేప, మాంసం ముట్టని ఇళ్ళల్లో రెండు గ్లాసులు, పైన కాస్త పెరుగు ఉండేలా చూసుకోవడం మంచిది. తల్లిపాలు పూర్తిగా ఆగిపోయిన బిడ్డకైనా పాలు, పెరుగు, మజ్జిగ అన్నీ కలిపి రోజుకు అర లీటరు దాటనివ్వకండి. ఎముకలకు బలం కావాలి కదా అంటారు. మూడు వందల మిల్లీలీటర్ల ఆవు పాలలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఈ వయసుకు రోజుకు కావలసింది 500. మిగతాది తల్లిపాలు, రాగి జావ, ఆకుకూరలు పూడుస్తాయి. కాల్షియం విషయంలో రాగులు పాలకు ఏమాత్రం తీసిపోవు.

గేదె పాలా, ఆవు పాలా అని కూడా అడుగుతుంటారు. ఏడాది దాటాక రెండూ పనికొస్తాయి. గేదె పాలలో కొవ్వు ఎక్కువ కాబట్టి త్వరగా కడుపు నిండిపోతుంది, అందుకని ఇంకాస్త తక్కువగా పొయ్యండి. మొదట్లో కాచి చల్లారాక పైన కట్టిన మీగడ తీసి ఇవ్వవచ్చు. మేక పాలు మంచివని కొందరు అదే పనిగా తెప్పిస్తారు. వాటిలో రక్తం పెరగడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్ చాలా తక్కువ, కాబట్టి వాటి మీదే బిడ్డను పెంచకూడదు. ప్యాకెట్ పాలు కొనేవారు ప్యాకెట్ మీద కొవ్వు శాతం చదవండి. డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం, టోన్డ్ పాలలో 3, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5, ఫుల్ క్రీమ్ పాలలో 6 ఉంటుంది. రెండేళ్ళ లోపు పిల్లల మెదడు ఎదుగుదలకు కొవ్వు కావాలి కాబట్టి డబుల్ టోన్డ్, వెన్న తీసిన పాలు వారికి వద్దు. పెద్దాయనకు షుగర్ ఉందని ఇంటిల్లిపాదికీ డబుల్ టోన్డ్ తెచ్చుకునే ఇళ్ళల్లో పసివాళ్ళకు విడిగా ఒక చిన్న ప్యాకెట్ తెప్పించండి.

విడి పాలు పొంగు వచ్చేదాకా కాచి తీరాలి. "గుమ్మపాలు బలం" అని పొదుగు దగ్గర నుంచి పచ్చిపాలు పట్టడం ప్రమాదం. క్షయ, బ్రూసెల్లా జ్వరం లాంటివి పచ్చిపాల ద్వారా రాగలవు. ఏడాది దాటిన పిల్లలకని డబ్బాల్లో అమ్మే పాలపొడుల అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. ఆ డబ్బా ధరకు ఎన్ని గుడ్లు వస్తాయో ఒకసారి లెక్క వేసుకోండి.

రెండు పాలు కలిస్తే విరుగుతాయా?

విరుగుతాయి. ఏ పాలైనా కడుపులోకి వెళ్ళగానే అక్కడి ఆమ్లానికి విరగాల్సిందే. తల్లిపాలు ఒక్కటే తాగిన బిడ్డ కక్కినప్పుడు కూడా పెరుగు తరకల్లా రావడం ప్రతి తల్లీ చూసే ఉంటుంది. జీర్ణం కావడంలో మొదటి మెట్టు అది. తల్లిపాలు తాగిన వెంటనే ఆవు పాలు తాగినా, రెండూ ఒకే గ్లాసులో కలిపి ఇచ్చినా హాని లేదు. ఈ భయం వల్ల తల్లిపాలు మానేసిన వాళ్ళు మా లెక్కలోనే చాలామంది ఉన్నారు.

నిజమైన ఇబ్బంది వేరే ఉంది. సీసా నిండా పాలు తాగిన బిడ్డ తల్లి దగ్గర తాగదు. బిడ్డ తాగకపోతే తల్లికి పాలు పడటం తగ్గుతుంది. "నాకు పాలు తగ్గాయి, అందుకే సీసా పెంచాను" అని తల్లి అంటుంది. చాలాసార్లు జరిగింది తలకిందులు: సీసా పెరిగింది, అందుకే పాలు తగ్గాయి. కాబట్టి పొద్దున లేవగానే, పనికి వెళ్ళేముందు, పని నుంచి రాగానే, రాత్రి పడుకునేముందు తల్లిపాలే ఇవ్వండి. గ్లాసు పాలు మధ్యాహ్నమో సాయంత్రమో, తల్లి ఇంట్లో లేని వేళలో పెట్టుకోండి. అది కూడా అన్నానికి ముందు కాదు. అన్నం తిన్న గంటా రెండు గంటల తర్వాత పోస్తే ఆకలీ చెడదు, అన్నంలో ఇనుమూ వృథా కాదు.

మొదలుపెట్టడం పెద్ద పనేమీ కాదు. పెరుగన్నం తినే బిడ్డకు ఆవు పాలు కొత్త వస్తువు కాదు. మొదటి రెండు మూడు రోజులు పగటిపూట రెండు చెంచాలు పట్టి చూడండి. ఒంటి మీద దద్దుర్లు, పెదవులు వాయడం, వెంటనే వాంతులు, మలంలో రక్తం లాంటివి కనిపిస్తే ఆపి డాక్టరు గారికి చూపించండి. ఊపిరి ఆడక ఆయాసపడితే ఒక్క నిమిషం ఆగకుండా తీసుకురండి. ఆవు పాలు పడని బిడ్డకు సాధారణంగా గేదె పాలు, మేక పాలు కూడా పడవు, కాబట్టి ఇంట్లో మార్చి మార్చి ప్రయోగాలు చెయ్యకండి. ఏమీ లేకపోతే నాలుగైదు రోజుల్లో అర గ్లాసు దాకా పెంచండి. రుచి కొత్తగా ఉందని ఉమ్మేసే బిడ్డకు పిండిన తల్లిపాలలో కొద్దిగా కలిపి ఇస్తే తాగుతుంది. అయినా వద్దంటే మానెయ్యండి. ముక్కు మూసి పోసేటంత అవసరం పాలకు లేదు.

సీసా సంగతి

మన అమ్మమ్మల ఉగ్గుగిన్నెను మేము నర్సింగ్ చదివే రోజుల్లో మోటుగా చూశాము. సీసా నాజూకు అనుకున్నాము. ఇప్పుడు తెలుస్తోంది, ఆ గిన్నే మేలని. కడగడం సులువు, మూల మూలకూ చెయ్యి వెళ్తుంది. సీసా మెడలో, పీకలో పేరుకున్న జిడ్డు విరేచనాలకు పుట్టిల్లు. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు ముందుపళ్ళు నల్లగా పుచ్చిపోవడం మా దంత విభాగంలో తరచూ చూస్తున్నాము. అన్నిటికన్నా ముఖ్యం, సీసాతో ఎంత తాగిందో లెక్క తెలియదు. గ్లాసుతో అయితే బిడ్డ కడుపు నిండగానే తల తిప్పేసుకుంటుంది. పాలసీసాలకు, పాలడబ్బాలకు ప్రచారం చెయ్యడాన్ని మన దేశంలో 1992లోనే చట్టం చేసి నిషేధించారు, 2003లో దాన్ని ఇంకా గట్టిపరిచారు. రెండేళ్ళ లోపు పిల్లలకు సంబంధించి ఏ దుకాణదారూ, ఏ ఆసుపత్రీ వాటిని పొగడకూడదు. ఏడాది బిడ్డ రెండు చేతులతో చిన్న స్టీలు గ్లాసు పట్టుకోగలదు. కాస్త ఒంపుకుంటుంది, ఒంపుకోనివ్వండి.

ఇక ఇనుము ఉన్న తిండి. పప్పు, తోటకూర, మునగాకు, గుడ్డు, మెత్తగా ఉడికించిన కోడి కార్జం, ముళ్ళు తీసిన చేప, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం. అన్నంలో రెండు చుక్కల నిమ్మరసం పిండితే, భోజనం తర్వాత పండిన జామపండు గుజ్జు పెడితే ఇనుము బాగా పడుతుంది. పెద్ద కప్పుతో ముప్పావు కప్పు అన్నం రోజుకు మూడు నాలుగు సార్లు ఈ వయసుకు లెక్క. బిడ్డ గోల చేస్తోందని టీ మాత్రం పొయ్యకండి, టీ కూడా ఇనుమును పట్టనివ్వదు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండు సార్లు ఒక్కో మిల్లీలీటరు వెయ్యండి, పాలతో కలిపి మాత్రం వద్దు. విరేచనం నల్లగా వస్తే భయపడకండి. ఏడాది దాటాక ఆరు నెలలకోసారి నులిపురుగుల మందు కూడా మరిచిపోవద్దు.

ఆ పాప సంగతి చెప్పడం ఆపేశాము. రక్తం ఎక్కించే పని లేకుండానే గడుస్తుందని డాక్టరు గారు చూసి ఐరన్ మందు మొదలుపెట్టారు, నాలుగు రోజులు వార్డులో ఉంచుకున్నారు. సీసా మేము తీసి పక్కన పెట్టేశాము. మొదటి రోజు పిల్ల ఏడ్చిన ఏడుపుకి వార్డంతా లేచి కూర్చుంది. నాయనమ్మ మా మీద కోపంతో ఆ పూట మాట్లాడలేదు. తల్లికి పాలు ఇంకా పూర్తిగా ఎండలేదు, రవిక తడుస్తూనే ఉంది. "పట్టి చూడమ్మాయ్, తాగితే తాగుతుంది" అన్నాము. "మూడు వారాలైంది, మరిచిపోయి ఉంటుంది సిస్టర్" అంది. ఆ రాత్రి రెండు గంటలప్పుడు నైట్ డ్యూటీ సిస్టర్ వెళ్ళి చూసేసరికి పిల్ల తల్లి రొమ్ము పట్టుకుని నిద్రపోతోంది. మర్నాడు మధ్యాహ్నం ఆకలికి ఆగలేక పప్పన్నం నాలుగు ముద్దలు తింది. తినిపించింది నాయనమ్మే.

నెల తర్వాత హిమోగ్లోబిన్ 8.1. మూడు నెలలకు 10.9. సున్నం గీకడం మొదటి నెలలోనే మానేసింది. ఇప్పుడు రోజూ ఒక గ్లాసు గేదె పాలు, పొద్దునా రాత్రీ తల్లిపాలు. మిగిలిన పాలు మళ్ళీ కేంద్రానికి పోస్తున్నారు. సీసా ఏం చేశావు పెద్దమ్మా అని అడిగితే, పీక తీసేసి ఆముదం పోసుకున్నానంది.

తల్లిపాలు మాన్పించాలనుకునే తల్లులకు ఒక్క మాట. వేపాకు, కాకరకాయ రసం రాసుకుని ఒక్కరోజులో మాన్పిస్తే బిడ్డకు బెంగ, మీకు రొమ్ములు గడ్డకట్టి జ్వరం. ఒక వేళ పాలు మాన్పించి నాలుగైదు రోజులు చూసి, తర్వాత ఇంకో వేళవి మాన్పించండి. రాత్రివి చివరికి ఉంచుకోండి. మళ్ళీ నెల తప్పిందని మాత్రం ఆదరాబాదరాగా మాన్పించనక్కర్లేదు. కడుపుతో ఉన్నా చాలామంది పాలివ్వవచ్చు. ఇదివరకు గర్భం పోయినవాళ్ళు, నెలలు నిండకుండా కాన్పు అయినవాళ్ళు మాత్రం ముందు మా డాక్టరమ్మను అడగండి.

ఈసారి బిడ్డను టీకాకు గానీ, బరువు చూపించడానికి గానీ తెచ్చినప్పుడు ఇంట్లో పాలు పోసే గ్లాసు కూడా సంచిలో వేసుకురండి. ఒక్కో ఇంటి గ్లాసు ఒక్కో సైజు. నీళ్ళు పోసి కొలిచి, 150 మిల్లీలీటర్లు ఎక్కడికి వస్తుందో గోరింటి రంగు పెన్నుతో గీత గీసి ఇస్తాము.